ఇంటికి రంగులు, ఒడిలో పసిపాప: ఏ పని ఎప్పుడు?

మొదటి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వస్తోందంటే ఆ ఇంట్లో హడావుడి మొదలవుతుంది. సీమంతానికి చుట్టాలు వస్తారు, ఆ తర్వాత బారసాల ఉంటుంది. కాబట్టి గోడలకు రంగులు వేయించాలి, పెచ్చులూడిన చోట లప్పం పెట్టించాలి, తలుపులకు కొత్త పూత పడాలి. అటు అత్తింట్లో బిడ్డ అడుగుపెట్టేలోగా ఒక గదిలో కొత్త అల్మరా చేయిస్తారు. నగరాల్లో ఉద్యోగాలు చేసుకునే జంటలు కొందరు ఈ పనులను 26 వారాల ప్రసూతి సెలవులో పెట్టుకుంటారు. ఎలాగూ ఇంట్లోనే ఉంటాం, పనివాళ్లను చూసుకోవచ్చు అన్నది వారి లెక్క.

అందరి ఉద్దేశమూ మంచిదే. కాని మరమ్మతుల సమయంలో గాలిలోకి, నేల మీదికి ఏమేం చేరతాయో చూస్తే ఈ లెక్క మారిపోతుంది. ఒక నెలలో నిశ్చింతగా చేయించుకోగల పని మరో నెలలో బిడ్డకు హాని చేయవచ్చు. ఏ కంపెనీ రంగు కొనాలి అన్న ప్రశ్న కంటే పని ఎప్పుడు చేయాలి, పాత పూతను ఎలా తీయాలి అన్న రెండు ప్రశ్నలే ముఖ్యం.

పసిబిడ్డకు ఎందుకు ఎక్కువ ప్రమాదం?

నవజాత శిశువు నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి పీలుస్తుంది. పెద్దవారు 12 నుంచి 20 సార్లే పీలుస్తారు. శరీర బరువుతో పోల్చి చూస్తే, కిలోకు పసిబిడ్డ లోపలికి తీసుకునే గాలి పెద్దవారి కంటే రెట్టింపు పైమాటే. ఒకే గదిలో తల్లీబిడ్డా పడుకున్నా, ఆ గాలిలోని కాలుష్యం బిడ్డ ఒంట్లోకి ఎక్కువ మోతాదులో వెళుతుంది.

రెండో కారణం బిడ్డ ఉండే ఎత్తు. పాకే బిడ్డ ముఖం నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. దుమ్ము చేరేది అక్కడే. ఆ వయసులో చేతులు గంటకు పదుల సార్లు నోటిలోకి వెళతాయి. ఇది చెడు అలవాటు కాదు, లోకాన్ని తెలుసుకోవడానికి బిడ్డకున్న దారి. కాని నేల మీద ఉన్నదంతా ఆ దారినే కడుపులోకి చేరుతుంది.

మూడోది మెదడు. పుట్టిన తర్వాత మొదటి మూడేళ్లలో మెదడులో నాడీకణాల మధ్య అనుసంధానాలు చాలా వేగంగా ఏర్పడతాయి. రక్తంలోని హానికర పదార్థాలను మెదడులోకి రాకుండా ఆపే పొర కూడా ఈ దశలో పూర్తిగా పదునెక్కి ఉండదు.

దుమ్ము ఎంతసేపు తేలుతుంది?

గోడను ఎమరీ కాగితంతో రుద్దినా, టైల్స్ కోసినా, కిటికీ కోసం గోడను కొట్టినా దుమ్ము లేస్తుంది. మన కంటికి కనబడేది అందులో పెద్ద రేణువులే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంతకంటే పెద్ద రేణువులు కొన్ని సెకన్లలోనే నేల మీద పడిపోతాయి. కదలిక లేని గాలిలో 10 మైక్రాన్ల ఇసుక రేణువు మనిషి గుండెల ఎత్తు నుంచి నేలకు చేరడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు నాలుగైదు గంటలు కావాలి. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లగలిగేవి ఇలాంటి సన్న రేణువులే. ఫ్యాన్ తిరుగుతున్నా, మనుషులు నడుస్తున్నా అవి మళ్లీ మళ్లీ పైకి లేస్తాయి.

అందుకే సాయంత్రం పనివాళ్లు వెళ్లాక చీపురుతో ఊడ్చి, గది శుభ్రమైందనుకుని బిడ్డను తీసుకురావడం సరికాదు. ఊడ్చినప్పుడు పెద్ద దుమ్ము బయటికి పోతుంది, సన్న దుమ్ము గాలిలోకి లేస్తుంది. గ్రానైట్, టైల్స్, సిమెంటు, ఇసుక కోసినప్పుడు వచ్చే దుమ్ములో సిలికా కూడా ఉంటుంది. రాళ్ల క్వారీల్లో కార్మికులకు ఏళ్ల తరబడి పనిలో వచ్చే సిలికోసిస్‌కు మూలం ఇదే. ఒక ఇంట్లో వారం రోజుల పనితో ఆ జబ్బు రాదు. కాని లేత ఊపిరితిత్తులకు ఆ దుమ్ము తగలకుండా చూడటం మన చేతిలోనే ఉంది.

పాత రంగులోని సీసం

ఇంటి దుమ్ములో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది సీసం. రంగు మెరుస్తూ, త్వరగా ఆరి, ఎండావానలకు తట్టుకోవాలని చాలాకాలం పాటు నూనె రంగుల్లో సీసం సమ్మేళనాలు కలిపేవారు. పసుపు, నారింజ రంగులకు లెడ్ క్రోమేట్, ఇనుప గేట్లకు తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్‌కు ఎర్ర సీసం వాడేవారు. గోడలకు వేసే సున్నంలో, నీటితో కలిపే రంగుల్లో ఈ సమస్య తక్కువ. తలుపులు, కిటికీలు, గ్రిల్స్, గేట్లకు వేసే ఎనామెల్ రంగుల్లోనే ఎక్కువ.

ఈ ప్రమాదాన్ని గుర్తించి వందేళ్లు దాటింది. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కంటి వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్, తన దగ్గరకు వస్తున్న పిల్లల్లో సీసం విషప్రభావానికి కారణం ఇళ్ల వరండా కటకటాలకు, గోడలకు వేసిన రంగేనని రాశారు. ఎండకు పొడిపొడిగా రాలిన రంగు పిల్లల చేతులకు అంటుకుని నోటిలోకి పోయేది. 1979లో అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ బృందం బడిపిల్లల ఊడిన పాలపళ్లను సేకరించి వాటిలోని సీసాన్ని కొలిచింది. పైకి ఏ జబ్బూ లేకున్నా, పళ్లలో సీసం ఎక్కువ ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో, తరగతిలో శ్రద్ధ నిలపడంలో వెనుకబడినట్లు తేలింది. అంతకు ఏడాది ముందే, 1978లో, ఆ దేశం ఇళ్లకు వేసే సీసపు రంగులను నిషేధించింది.

మన దేశంలో పెట్రోలులో సీసాన్ని 2000 నాటికి తొలగించారు. ఇళ్ల రంగుల విషయంలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. వాటి ప్రకారం ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు మించరాదు. ఆ నిబంధన కొత్త డబ్బాలకే వర్తిస్తుంది. అంతకుముందు వేసిన పూతలు మన తలుపుల మీద, గ్రిల్స్ మీద పొరలు పొరలుగా అలాగే ఉన్నాయి.

తేడా ఎంతో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పాత తలుపు నుంచి చిటికెన వేలి గోరంత, అంటే ఒక చదరపు సెంటీమీటరు పెచ్చు ఊడిందనుకుందాం. మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటే దాని బరువు సుమారు 15 మిల్లీగ్రాములు. అందులో సీసం ఒక శాతం ఉంటే ఆ పెచ్చులో 150 మైక్రోగ్రాముల సీసం ఉన్నట్లు. పిల్లలు ఆహారం ద్వారా తీసుకునే సీసానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న హెచ్చరిక గీత రోజుకు 2.2 మైక్రోగ్రాములు. అంటే ఆ ఒక్క పెచ్చులో దానికి దాదాపు 70 రెట్లు ఉంటుంది. అదే 90 పీపీఎం పరిమితికి లోబడిన రంగు పెచ్చులో ఉండేది ఒకటిన్నర మైక్రోగ్రాముల లోపే.

ఒంట్లోకి వెళ్లాక సీసం కాల్షియంలా, ఇనుములా నటిస్తుంది. పేగుల్లో వాటి దారిలోనే రక్తంలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, మింగిన సీసంలో పెద్దవారి కంటే చిన్నపిల్లలు నాలుగైదు రెట్లు ఎక్కువ గ్రహించగలరు. ఇనుము లోపం ఉంటే ఇది మరింత పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలిన దేశం మనది. కాబట్టి ఇది మన పిల్లలకు మరీ దగ్గరి సమస్య.

రక్తంలోని సీసం కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాని అప్పటికే కొంత ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. గర్భం సమయంలో, పాలిచ్చే రోజుల్లో బిడ్డ కోసం తల్లి ఎముకల నుంచి కాల్షియం కరిగినప్పుడు ఆ సీసమూ బయటికి వస్తుంది, మాయను దాటి బిడ్డకు చేరుతుంది. అందుకే పాత రంగు గోకే పని బిడ్డ పుట్టాకే కాదు, తల్లి గర్భంతో ఉన్నప్పుడూ ఆమె ఉన్న ఇంట్లో పెట్టుకోకూడదు. పిల్లల రక్తంలో ఇంతవరకు సీసం ఉన్నా ఫరవాలేదు అని చెప్పగల సురక్షిత స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇక్కడ ఒక ఊరట ఉంది. పగలకుండా, పెచ్చులూడకుండా గట్టిగా ఉన్న పాత పూత దానంతట అది పెద్దగా హాని చేయదు. దాన్ని రుద్దినప్పుడు, గోకినప్పుడు, మంటతో కాల్చినప్పుడే సీసం దుమ్ముగా, పొగగా మారుతుంది. కిటికీ రెక్కలు చట్రానికి రాసుకునే చోట కూడా కొద్దికొద్దిగా పొడి రాలుతుంది. అంటే నెలలు దగ్గర పడ్డాక పాత తలుపును ముట్టుకోకుండా వదిలేయడమే చాలాసార్లు మంచి నిర్ణయం.

వాసన పోతే సరిపోదు

రంగులు, వార్నిష్, థిన్నర్, జిగురుల నుంచి తేలికగా ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలు గాలిలో కలుస్తాయి. కళ్ల మంట, తలనొప్పి, గొంతులో గరగర వాటి తొలి లక్షణాలు. పూత వేసిన మొదటి గంటల్లో, రోజుల్లో ఇవి చాలా ఎక్కువగా వెలువడి, తర్వాత వారాల పాటు నెమ్మదిగా తగ్గుతాయి. చేత్తో తాకితే తడి తగలకపోవడం ఒక దశ, లోపలి ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడం మరో దశ. గోడ ఆరిందని అదే రాత్రి ఆ గదిలో ఉయ్యాల వేయకూడదు. నూనె రంగుల కంటే నీటితో కలిపే ఎమల్షన్‌లలో ఈ రసాయనాలు తక్కువ. కాని తక్కువ అంటే లేవని కాదు.

కొత్త అల్మరాల సంగతి వేరు. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎమ్‌డీఎఫ్ చెక్కలను అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రంగుల ఆవిరి వారాల్లో తగ్గుతుంది, ఇది నెలల తరబడి మెల్లగా వస్తూనే ఉంటుంది. వేడి, తేమ పెరిగితే ఎక్కువగా వస్తుంది. మన వేసవిలో, ఆ తర్వాతి వానాకాలంలో మూసి ఉంచిన గది దీనికి సరిగ్గా సరిపోయే చోటు. కొనేటప్పుడు ఫార్మాల్డిహైడ్ తక్కువగా వెలువడే రకాలను, అంటే ఇ0 లేదా ఇ1 గుర్తున్న బోర్డును అడగవచ్చు. కోసిన అంచులను వదిలేయకుండా మూయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బిడ్డ రావడానికి వీలైనన్ని నెలల ముందే ఆ పని ముగించాలి.

ముక్కుకు వాసన తగలకపోతే గాలి బాగున్నట్లేనని నమ్మడానికి లేదు. సీసపు దుమ్ముకు వాసనే లేదు. వాసనను కప్పేందుకు అగరొత్తులు వెలిగించినా, బిడ్డకు తలస్నానం తర్వాత సాంబ్రాణి పొగ అదే గదిలో పట్టినా సన్న రేణువులు పెరుగుతాయే తప్ప తగ్గవు. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీలు చాలావరకు గదిలోని గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తాయి, బయటి గాలిని తీసుకురావు. ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడమే అన్నిటికంటే మంచి మందు.

ఇక పాతకాలపు సున్నంలో సీసం లేదు, ఆవిరయ్యే రసాయనాలూ లేవు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని అది గట్టి సుద్దపొరగా మారుతుంది. కాని తడి సున్నానికి క్షార గుణం చాలా ఎక్కువ. కంట్లో చిలికితే చూపుకే ప్రమాదం. సున్నం కలిపిన బకెట్ దగ్గరకు నడిచే వయసు పిల్లలు రాకుండా చూడాలి.

నిద్ర లేని కళ్లు, నిచ్చెన మెట్లు

ఇంటి పనులకూ పసిబిడ్డకూ మధ్య మరో లంకె ఉంది. అది తల్లిదండ్రుల నిద్ర. నవజాత శిశువు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కాని ఒక్కసారిగా కాదు. రెండు మూడు గంటలకోసారి పాలకు లేస్తుంది. ఆ లేచినప్పుడల్లా పెద్దల నిద్ర తెగిపోతుంది.

17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి స్పందనలు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్పందనల్లాగే మందగిస్తాయని 1997 నుంచి వచ్చిన ప్రయోగాలు చూపాయి. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే రాత్రంతా బిడ్డను ఎత్తుకుని తిరిగిన తండ్రి మర్నాడు సెలవు కదా అని నిచ్చెనెక్కి ఫ్యాన్ బిగించడం, స్విచ్‌బోర్డు విప్పడం, డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకోవడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. ఎత్తు ఎక్కే పని, కరెంటు పని, పదునైన పనిముట్లతో చేసే పని మొదటి మూడు నాలుగు నెలలు వాయిదా వేయాలి. తప్పదనుకుంటే పని తెలిసినవారికి అప్పగించాలి.

నెలలను బట్టి పని

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక క్రమం తేలుతుంది.

గర్భం రాకముందు, లేదా ఆమె మరో ఇంట్లో ఉన్న కాలంలో: గోడలు కొట్టడం, టైల్స్ మార్చడం, పాత ఎనామెల్ గోకడం, అల్మరాలు చేయించడం. కాన్పుకి పుట్టింటికి వెళ్లే ఆచారం వల్ల అత్తింటివారికి కొన్ని నెలల వ్యవధి దొరుకుతుంది. బిడ్డతో తల్లి మూడో నెలలోనో అయిదో నెలలోనో తిరిగి వచ్చే ముందు రోజు వరకూ పని సాగదీయకుండా, ఆమె వెళ్లిన వెంటనే మొదలుపెట్టి నెల రోజుల ముందే ముగించాలి. పుట్టింటివారిది దీనికి తారుమారు. అమ్మాయి రాకముందే మొత్తం అయిపోవాలి. సీమంతం తర్వాత రంగులు మొదలుపెట్టకూడదు.

పుట్టిన నాటి నుంచి నాలుగైదు నెలలు: బిడ్డకు హాని ప్రధానంగా గాలి ద్వారానే. దుమ్ము లేచే పనీ, ఆవిరి వచ్చే పనీ వద్దు. కారే కుళాయి, వదులైన గొళ్లెం, దోమతెర వంటివి చేసుకోవచ్చు.

ఆరో నెల నుంచి పదో నెల వరకు: బిడ్డ పాకుతుంది, పళ్లు వస్తుంటే దొరికినదంతా కొరుకుతుంది. ఇప్పుడు ముఖ్యం నేల, కిటికీ గట్టు, మంచం కోడు. పెచ్చులూడే పూత ఉన్న చోటికి బిడ్డ చేరకుండా చూడాలి. రోజూ తడిగుడ్డతో తుడవాలి.

నిలబడే వయసు: అల్మరాలను గోడకు బిగించడం, బాల్కనీ కమ్మీల సందులు మూయడం, కింది ప్లగ్గులకు మూతలు, నీళ్లు నింపిన బకెట్లు తలుపు వెనక్కి. ఇవి అందం కోసం కాదు, ప్రాణం కోసం చేసే పనులు. రంగుల కంటే ముందు వీటికే డబ్బు కేటాయించాలి.

పని తప్పనిసరైతే

అద్దె ఇళ్లలో, ఉమ్మడి కుటుంబాల్లో అన్నీ మన చేతిలో ఉండవు. వానకు పైకప్పు కారితే ఆగలేం. అప్పుడు తల్లీబిడ్డలను ఆ కొద్ది రోజులు బంధువుల ఇంట్లో ఉంచడం అన్నిటికంటే తేలికైన పరిష్కారం. వీలుకాకపోతే పని జరిగే గదిని ప్లాస్టిక్ షీటుతో మిగతా ఇంటి నుంచి వేరు చేయాలి. పాత రంగును పొడిగా రుద్దకుండా నీళ్లు చల్లి తడిపి గోకించాలి. మంటతో కాల్చనివ్వకూడదు. రాలిన పెచ్చులను పెరట్లో పోయకుండా సంచిలో కట్టాలి. చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, ఆ నీళ్లు మార్చాలి. పని పూర్తయ్యాక ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ తుడవాలి, ఎందుకంటే గాలిలో తేలే సన్న దుమ్ము అప్పటికే కిందికి దిగి ఉంటుంది. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, రంగు ఆవిరిని ఆపలేదు.

బిడ్డ పెచ్చులు తిన్నట్లు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకూడదు. తక్కువ స్థాయిలో సీసం పైకి ఏమీ కనబడనివ్వదు. పిల్లల వైద్యుని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించితే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇనుము, కాల్షియం తగినంత ఉన్న ఆహారం సీసం గ్రహింపును కొంత తగ్గిస్తుంది.

పెయింటర్ ఇంట్లోనూ పసిబిడ్డ ఉంటుంది

ఈ జాగ్రత్తలన్నీ మన ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోకూడదు. పాత తలుపు రుద్దిన పెయింటర్ ఆ దుమ్మును చొక్కా మీద, జుట్టులో, చెప్పుల్లో మోసుకుని తన ఇంటికి వెళతాడు. తలుపు తీయగానే ఎదురొచ్చే తన బిడ్డను అదే చొక్కాతో ఎత్తుకుంటాడు. మన ఇంట్లో ఆ దుమ్ము లేచేది నాలుగు రోజులు. ఆయన ఇంట్లోకి అది ఏడాది పొడవునా వెళుతుంది.

దీన్ని ఆపడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. పని మొదలయ్యే ముందే తడిపి గోకాలని చెప్పి, దానికి పట్టే అదనపు కూలి ఇవ్వాలి. ఎన్95 మాస్కులు మనమే తెచ్చి ఇవ్వాలి. భోజనానికి ముందు, ఇంటికి వెళ్లే ముందు చేతులు, ముఖం కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు, బట్టలు మార్చుకోవడానికి ఒక చోటు చూపాలి. పని బట్టలను ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకమని చెప్పాలి. తడిపి చేసే పని రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఆ రెండు రోజులు రెండు ఇళ్లలోని పిల్లలకూ మేలు చేస్తాయి.